సీల్డ్ స్పీకర్లతో 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా వినాలంటే ఏం చూసి ఎంచుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.8 మీటర్ల ఎత్తు ఉన్న గదికి సీల్డ్ స్పీకర్ల, అంటే గాలి పోకుండా పూర్తిగా మూసిన పెట్టెలున్న స్పీకర్ల, జత కావాలి. మనిషి చెవికి వినిపించే ధ్వని మొత్తం అందులో రావాలి. సబ్‌వూఫర్ (అట్టడుగు ధ్వని కోసం విడిగా పెట్టే పెట్టె) మాత్రం వద్దు, అది పెడితే ‘బొయ్’మని మోగుతుందని మీ భయం. రెండు స్పీకర్లు చూసి పెట్టుకున్నారు. ఒకటి ఆరున్నర అంగుళాల వూఫరు (కింది శ్రేణిని పలికించేది), ఒక ట్వీటరు (పై శ్రేణిని పలికించేది) ఉన్న షెల్ఫ్ స్పీకరు. దాని వివరాల పత్రంలో ‘45 హెర్ట్జ్–22 కిలోహెర్ట్జ్, −6 డెసిబెల్స్’ అని ఉంది. రెండోది ఐదంగుళాల వూఫర్లు రెండున్న సన్నటి టవర్. దాని మీద ‘20 హెర్ట్జ్–20 కిలోహెర్ట్జ్’ అని మాత్రమే రాశారు. అంకెలను బట్టి రెండోదే పూర్తి శ్రేణి ఇస్తుందనిపిస్తోంది, నిజమేనా అన్నారు.

కాదు. ఆ రెండింటిలో నమ్మదగ్గది మొదటి పత్రమే. 20 హెర్ట్జ్ దగ్గర ధ్వని ఎన్ని డెసిబెల్స్ తగ్గి వస్తుందో రెండో పత్రం చెప్పలేదు కాబట్టి ఆ అంకెకు అర్థం లేదు. 20 హెర్ట్జ్ సంకేతం పంపితే ఏ స్పీకరైనా ఎంతో కొంత కదులుతుంది. మిగతా శ్రేణితో పోలిస్తే అది ఎంత బలహీనంగా వస్తుందన్నదే అసలు విషయం. ‘±3 డెసిబెల్స్ లోపు’ అనో, ‘−6 డెసిబెల్స్ దగ్గర’ అనో రాయని హద్దును నేను లెక్కలోకే తీసుకోను. మీరూ తీసుకోవద్దు.

అలాగని మొదటిది కొనేయమనీ చెప్పను. మీరు మూడు షరతులు పెట్టారు: పెట్టె సీల్డ్ కావాలి, శ్రేణి పూర్తిగా రావాలి, సబ్‌వూఫర్ ఉండకూడదు. మూడూ నెరవేరాలంటే పెద్ద వూఫరు, దానికి తగ్గ పెద్ద పెట్టె తప్పవు. స్పీకర్లు చిన్నవిగా ఉండాలనుకుంటే మూడో షరతు వదులుకోవాలి. ఇది అభిరుచిని బట్టి మారే విషయం కాదు, లెక్కతో తేలే విషయం. ఆ లెక్క చూపిస్తాను.

బాస్ (మంద్ర ధ్వని) అంటే గాలిని పెద్ద మొత్తంలో నెట్టడం. ధ్వని తీవ్రత తగ్గకుండా ఉండాలంటే, ఒక్కో ఆక్టేవ్ కిందికి దిగినప్పుడల్లా, అంటే పౌనఃపున్యం సగమైనప్పుడల్లా, వూఫరులో ముందుకూ వెనక్కూ ఊగే కోన్ నాలుగు రెట్లు దూరం కదలాలి. పోర్టు, అంటే గాలి వచ్చిపోయే రంధ్రం, ఉన్న పెట్టెలో ఆ పోర్టులోని గాలి కొంత పని పంచుకుంటుంది. సీల్డ్ పెట్టెలో భారమంతా కోన్ మీదే పడుతుంది.

నేల మీద పెట్టిన ఒక స్పీకరు, ఒక మీటరు దూరంలో, 20 హెర్ట్జ్ దగ్గర 90 డెసిబెల్స్ ఇవ్వాలనుకుందాం. అందుకు కోన్ ఒక్కో వైపుకు దాదాపు 300 ఘన సెంటీమీటర్ల గాలిని నెట్టాలి. 12 అంగుళాల వూఫర్ కోన్ వైశాల్యం 500 చదరపు సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి అది ఒక్కో వైపు 6 మిల్లీమీటర్లు కదిలితే సరిపోతుంది. మంచి 12 అంగుళాల వూఫరుకు అది తేలిక. ఆరున్నర అంగుళాల వూఫర్ వైశాల్యం సుమారు 135 చదరపు సెంటీమీటర్లే. అది ఒక్కో వైపు 22 మిల్లీమీటర్లు కదలాలి. ఆ పరిమాణంలో మామూలుగా దొరికే వూఫర్లు శుభ్రంగా కదలగలిగేది 5, 6 మిల్లీమీటర్లే. అదే వూఫరును 40 హెర్ట్జ్ దగ్గర 90 డెసిబెల్స్ ఇమ్మంటే అయిదున్నర మిల్లీమీటర్లు చాలు. అంటే మీ మొదటి స్పీకరుకు 40 హెర్ట్జ్ ప్రాంతం అందుబాటులో ఉన్న పని. 20 హెర్ట్జ్ దాని వల్ల కాదు.

ఇక ఆ సన్నటి టవర్ సంగతి. ఐదంగుళాల వూఫర్లు రెండూ కలిపి దాదాపు 170 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో వైపు నాలుగున్నర మిల్లీమీటర్లు కదులుతాయనుకుంటే నెట్టగలిగే గాలి 76 ఘన సెంటీమీటర్లు. 20 హెర్ట్జ్ దగ్గర దానితో వచ్చేది 78 డెసిబెల్స్. మనిషి చెవికి 20 హెర్ట్జ్ ధ్వని అసలు వినబడడం మొదలయ్యేది కూడా దాదాపు 78 డెసిబెల్స్ దగ్గరే. అంతకంటే తక్కువైతే ఏమీ వినిపించదు. అంటే ఆ వూఫర్లు తమ కదలిక చివరి అంచుకు చేరేసరికి మీకు వినిపించీ వినిపించనట్లు ఉంటుంది. ఈలోగా అదే కోన్ పాడుతున్న మిగతా సంగీతమంతా వక్రీకరణలో చిక్కుకుంటుంది. పత్రంలో 20 అని రాసినంత మాత్రాన ఈ లెక్క మారదు.

కాబట్టి స్పీకరు ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న వూఫర్ల మొత్తం వైశాల్యమెంత, అవి శుభ్రంగా ఎంత దూరం కదులుతాయి అన్నది. ఈ రెండూ గుణిస్తే వచ్చే అంకె మిగతా ప్రకటనలన్నిటికంటే ఎక్కువ చెబుతుంది.

పూర్తి శ్రేణి అన్నప్పుడు మీకు నిజంగా ఎంత లోతు కావాలో కూడా ఆలోచించండి. నాలుగు తీగల బాస్ గిటారులో అతి మంద్ర స్వరం 41 హెర్ట్జ్. అయిదు తీగలదైతే 31. పియానోలో చిట్టచివరి మీట 27.5 హెర్ట్జ్. పెద్ద పైప్ ఆర్గాన్, కొన్ని ఎలక్ట్రానిక్ సంగీత రచనలు, సినిమాల్లో పేలుళ్లు, భూకంపాల శబ్దాలు మాత్రమే అంతకు కిందికి వెళతాయి. గాత్రం, వీణ, వయొలిన్, వేణువు వినేవారికి 40 హెర్ట్జ్ దాకా బలంగా వస్తే లోటు తెలియదు. సినిమాలు, ఆర్గాన్ వినేవారికి మాత్రం అది చాలదు.

ఇంతా చెప్పాక, సీల్డ్ పెట్టెను ఎందుకు ఇష్టపడాలో కూడా చెప్పాలి. నేను ఇష్టపడతాను, దానికి గట్టి కారణముంది. సీల్డ్ పెట్టెలో బాస్ తన హద్దు దాటాక ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ చొప్పున మెల్లగా తగ్గుతుంది. పోర్టు ఉన్న పెట్టెలో 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. రెండు స్పీకర్లూ 44 హెర్ట్జ్ దగ్గర −3 డెసిబెల్స్‌కు దిగాయనుకోండి. 30 హెర్ట్జ్ దగ్గర సీల్డ్ స్పీకరు దాదాపు ఏడున్నర డెసిబెల్స్ తగ్గి ఉంటుంది, పోర్టుది పదమూడున్నర. 20 హెర్ట్జ్‌కు వచ్చేసరికి సీల్డ్ 14 తగ్గితే పోర్టుది 27 దాటిపోతుంది. పత్రం మీద ఒకే హద్దు రాసుకున్న రెండు స్పీకర్ల మధ్య అట్టడుగున ఇంత తేడా ఉంది. పైగా పోర్టు పెట్టెలో ట్యూన్ చేసిన పౌనఃపున్యం కంటే కింద కోన్‌కు వెనక నుంచి ఆసరా పోతుంది. అక్కడ బలమైన సంకేతం వస్తే కోన్ అదుపు లేకుండా ఊగుతుంది. సీల్డ్ పెట్టెలో లోపలి గాలి ఎప్పుడూ కోన్‌ను వెనక్కి లాగుతూనే ఉంటుంది.

దీనికి మీ గది తోడవుతుంది. 5 మీటర్ల పొడవు గదిలో మొట్టమొదటి అనునాదం 34 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అంతకంటే కింద తరంగాలు గదిలో పట్టవు. 20 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 17 మీటర్లు. అక్కడ స్పీకరు గది మొత్తంలోని గాలిపీడనాన్ని ఒక్కసారిగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. గాలి బయటికి పోని బిగుతైన గదిలో, సిద్ధాంతం ప్రకారం, ఆ ప్రాంతంలో ధ్వని ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ చొప్పున పెరగాలి. సీల్డ్ పెట్టె తగ్గే తీరుకు ఇది సరిగ్గా ఎదురు. నిజమైన గదుల్లో తలుపులు, కిటికీలు, సందులు ఉంటాయి కాబట్టి అంత పెరగదు. గట్టి గోడలున్న గదిలో కొంత ఎక్కువ, పలుచటి చెక్క గోడలైతే తక్కువ దొరుకుతుంది. ఎంత దొరికినా సీల్డ్ స్పీకరు దాన్ని వాడుకోగలదు. పోర్టు స్పీకరు అప్పటికే చాలా కిందికి పడిపోయి ఉంటుంది. ప్రతిధ్వని రాని కొలతల గదిలో 40 హెర్ట్జ్ దగ్గరే ఆగినట్టు కనిపించే పెద్ద సీల్డ్ స్పీకరు, ఇంట్లో 30 హెర్ట్జ్ కిందికి కూడా వినిపించడానికి కారణం ఇదే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్‌తో కలిసి స్థాపించిన ఎకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ ఏఆర్-1 అనే స్పీకరు తెచ్చింది. అంతవరకూ కోన్‌ను వెనక్కి లాగే పని దాని చుట్టూ ఉన్న బిగుతైన బట్ట, అంచులు చేసేవి. దూరం పెరిగేకొద్దీ వాటి లాగుడు ఒకేలా ఉండదు, అక్కడే వక్రీకరణ పుడుతుంది. విల్చర్ వాటిని బాగా వదులు చేసి, ఆ పనిని పెట్టెలో బంధించిన గాలికి అప్పగించాడు. సైకిల్ పంపు కొనను వేలితో మూసి పిడిని నొక్కితే వెనక్కి తన్నుతుందే, అదే బలం. బట్ట, రబ్బరు కంటే గాలి చాలా నిలకడగా లాగుతుంది. ఆ రోజుల్లో ఫ్రిజ్ అంత పెట్టెలు మాత్రమే ఇవ్వగలిగిన బాస్‌ను అలమరలో పట్టే పెట్టె ఇచ్చింది.

అయితే అది ఊరికే రాలేదు. క్లాస్‌తో కలిసి తర్వాత కేఎల్‌హెచ్ సంస్థ పెట్టినవారిలో ఒకరైన హాఫ్‌మన్ పేరుతో ఒక నియమం చెబుతారు. చిన్న పెట్టె, లోతైన బాస్, ఎక్కువ సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దగ్గర వచ్చే ధ్వని) అనే మూడింటిలో రెండే దక్కుతాయి. సీల్డ్ స్పీకర్లు సాధారణంగా మూడోదాన్ని వదులుకుంటాయి. అందుకే వాటికి శక్తిమంతమైన యాంప్లిఫయర్ కావాలి. 83 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకరుకు 100 వాట్లు ఇస్తే ఒక మీటరు దగ్గర 103 డెసిబెల్స్ వస్తుంది. మీ గదికి అది చాలు. 20 వాట్ల యాంప్లిఫయర్‌తో అదే స్పీకరు 96 దగ్గర ఆగిపోతుంది, సంగీతంలోని ఉధృతి దెబ్బతింటుంది.

పెట్టె పరిమాణం ఎంత తేడా తెస్తుందో ఒక ఉదాహరణ చూడండి. ఒక వూఫరు సొంత అనునాదం 25 హెర్ట్జ్, దాని మొత్తం క్యూ విలువ (అనునాదం దగ్గర కోన్ ఎంత అదుపులో ఉందో చెప్పే అంకె, ఎక్కువైతే మోత ఎక్కువ) 0.4, దాని బట్ట, అంచుల వదులుదనానికి సమానమైన గాలి 100 లీటర్లు అనుకుందాం. దాన్ని 47 లీటర్ల పెట్టెలో మూస్తే అనునాదం 44 హెర్ట్జ్‌కు, క్యూ 0.707కు చేరతాయి. ఎక్కడా ఎత్తు లేకుండా చదునుగా సాగి 44 దగ్గర −3 డెసిబెల్స్‌కు దిగే అమరిక అది. పెట్టెను సగం చేస్తే అనునాదం 57 హెర్ట్జ్‌కు ఎక్కుతుంది, క్యూ 0.9 దాటుతుంది, లోతు తగ్గి పై బాస్ కాస్త ఉబ్బుతుంది. క్యూ 1 అయితే ఆ ఉబ్బు ఒకటింబావు డెసిబెల్. అంతకు మించితే బాస్ ఒకే స్వరం మీద మోగుతున్నట్లు ఉంటుంది. పెట్టెను 178 లీటర్లకు పెంచితే క్యూ 0.5కు దిగుతుంది. బాస్ అతి పొందికగా ఉంటుంది కానీ అంత పెద్ద పెట్టె ఎవరు పెట్టుకుంటారు? నాకు 0.6, 0.75 మధ్య ఉన్నవి నచ్చుతాయి. ‘సీల్డ్ అయితే చాలు, బాస్ బిగుతుగా ఉంటుంది’ అనే మాట తప్పు. మరీ చిన్న పెట్టెలో ఇరికించిన సీల్డ్ స్పీకరు పోర్టు స్పీకరు కంటే ఎక్కువ మోగగలదు.

ఈ క్యూ విలువను తయారీదారులు అరుదుగా రాస్తారు. కానీ మంచి సమీక్షల్లో ఇంపెడెన్స్ గ్రాఫు (స్పీకరు విద్యుత్ నిరోధం పౌనఃపున్యాన్ని బట్టి ఎలా మారుతుందో చూపేది) ఉంటుంది, దాన్నుంచి మీరే లెక్కగట్టవచ్చు. నేను ఏ స్పీకరు సమీక్ష తెరిచినా ముందు వెతికేది ఆ గ్రాఫునే. బాస్ వైపు, అంటే గ్రాఫు ఎడమ భాగంలో, సీల్డ్ స్పీకరుకు ఒకే ఒక శిఖరం కనిపిస్తుంది. రెండు శిఖరాలు, మధ్యలో లోయ ఉంటే అందులో పోర్టో పాసివ్ రేడియేటరో (పోర్టుకు బదులు లోపలి గాలితోనే కదిలే కోన్) ఉన్నట్టు. శిఖరం ఏ హెర్ట్జ్ దగ్గరుందో అదే పెట్టెలో వూఫరు అనునాదం. ఇప్పుడు ఒక ఉదాహరణ: శిఖరం 45 హెర్ట్జ్ దగ్గర 36 ఓమ్‌లు, స్పీకరు టెర్మినళ్ల మధ్య మల్టీమీటరుతో కొలిచిన నిరోధం 6 ఓమ్‌లు. 36ను 6తో భాగిస్తే 6, దాని వర్గమూలం 2.45. ఆ 2.45ను 6 ఓమ్‌లతో గుణిస్తే 14.7. శిఖరానికి రెండు వైపులా గ్రాఫు 14.7 ఓమ్‌లను తాకే చోట్లు గుర్తించండి. అవి 34.4, 58.9 హెర్ట్జ్ అయితే వాటి మధ్య దూరం 24.5. ఇప్పుడు 45ను, 24.5, 2.45ల లబ్ధమైన 60తో భాగించండి. 0.75 వస్తుంది. అదే ఆ స్పీకరు క్యూ. కాగితం మీద అయిదు నిమిషాల పని, దాంతో బాస్ స్వభావం మొత్తం తెలిసిపోతుంది. యాంప్లిఫయర్ లోపలే ఉన్న యాక్టివ్ స్పీకర్లకు మాత్రం ఇది కుదరదు.

దుకాణంలో చేతితో చేయగలిగే పరీక్ష ఒకటుంది. యాంప్లిఫయర్ ఆపి, యజమాని అనుమతి తీసుకుని, వూఫర్ కోన్‌ను మధ్యలోని మూత మీద కాకుండా చుట్టూ సమంగా వేళ్లు ఆనించి, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. సీల్డ్ పెట్టె అయితే నొక్కేటప్పుడు లోపలి గాలి ఎదురు తోస్తున్నట్లు తెలుస్తుంది. కాసేపు నొక్కి పట్టి వదిలితే చివరి కొంత దూరం నింపాదిగా వెనక్కి వస్తుంది. ఏ ఎదురూ లేకుండా లోపలికి పోయి టక్కున తిరిగొస్తే ఎక్కడో గాలి కారుతోందని అర్థం. పెట్టెలోని ఒకే అరలో రెండు వూఫర్లుంటే ఒకదాన్ని నొక్కగానే రెండోది ముందుకు రావాలి. ట్వీటరు జోలికి మాత్రం వెళ్లొద్దు, దాని గుమ్మటం వేలు తగిలితే సొట్టపడుతుంది.

పాత సీల్డ్ స్పీకర్లు కొనాలనుకునేవారికి ఈ పరీక్ష మరీ ముఖ్యం. కోన్ చుట్టూ ఉండే అంచు నురుగుతో చేసినదైతే ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచులు చాలా కాలం నిలుస్తాయి. నురుగు అంచు మార్పించుకోవచ్చు, కానీ ఆ ఖర్చు కలిపి బేరం చేయండి.

పోర్టు స్పీకరు కొని దాని రంధ్రంలో స్పాంజి కుక్కితే సీల్డ్ అయిపోదా అని చాలామంది అడుగుతారు. గాలి పరంగా దాదాపు అవుతుంది. కానీ ఆ వూఫరును పోర్టు కోసం రూపొందించారు, దాని క్యూ తక్కువగా ఉంటుంది. మూసేస్తే బాస్ చాలా ముందుగానే పలచబడుతుంది. గోడకు మరీ దగ్గరగా పెట్టి బాస్ ఎక్కువైపోయిన స్పీకరుకు అది మంచి చికిత్స. కొత్తగా కొనేవారికి అది మార్గం కాదు.

ఇప్పటిదాకా బాస్ గురించే మాట్లాడాను. సీల్డ్ పెట్టె ప్రభావం ప్రధానంగా అక్కడే కాబట్టి. పై శ్రేణిలో 20 కిలోహెర్ట్జ్ చేరడం కష్టమేమీ కాదు, 25 మిల్లీమీటర్ల మామూలు గుమ్మటం ట్వీటరు సునాయాసంగా చేరుతుంది. వయసు పెరిగేకొద్దీ మన చెవి పై హద్దు ఎలాగూ తగ్గిపోతుంది. పై శ్రేణిలో చూడవలసింది ధ్వని అన్ని దిక్కులకూ ఎంత సమంగా వ్యాపిస్తోందన్నది. తరంగదైర్ఘ్యం కోన్ వ్యాసం కంటే చిన్నదైతే ధ్వని టార్చిలైటులా ఒకే దిశలో పోతుంది. ఆరున్నర అంగుళాల కోన్‌కు ఆ పరిస్థితి రెండున్నర కిలోహెర్ట్జ్ ప్రాంతంలో వస్తుంది. అందుకే మంచి టూ-వే (వూఫరు, ట్వీటరు మాత్రమే ఉన్న) స్పీకర్లలో ట్వీటరు 2 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలే బాధ్యత తీసుకుంటుంది. 12 అంగుళాల వూఫరుకు ఆ పరిస్థితి ఇంకా చాలా కిందే వస్తుంది కాబట్టి దానికీ ట్వీటరుకూ నడుమ మధ్య శ్రేణిని పలికించే మిడ్‌రేంజ్ డ్రైవర్ తప్పనిసరి, అంటే త్రీ-వే స్పీకరు. పెద్ద వూఫరున్న టూ-వే స్పీకరును నేను సిఫార్సు చేయను.

ఒకే డ్రైవరుతో మొత్తం శ్రేణి ఇస్తామనే సీల్డ్ స్పీకర్లు కూడా మీకు కనిపిస్తాయి. శ్రేణిని డ్రైవర్లకు పంచే క్రాసోవర్ లేకపోవడం వల్ల గాత్రం ఎంతో సహజంగా ఉంటుందన్నది కొంతవరకు నిజమే. కానీ నాలుగంగుళాల డ్రైవరు గాలి నెట్టలేదు, ఎనిమిదంగుళాల డ్రైవరు పై శ్రేణిని విరజిమ్మలేదు. మీరు కోరిన శ్రేణికి అవి పనికిరావు.

ఈ వ్యాప్తిని బేరీజు వేయడానికి ఇప్పుడు మంచి సాధనముంది. కెనడా జాతీయ పరిశోధన మండలిలోనూ, తర్వాత హార్మన్ సంస్థలోనూ ఫ్లాయిడ్ టూల్ చేసిన పరిశోధనల నుంచి వచ్చిన సీటీఏ-2034 ప్రమాణం ప్రకారం, స్పీకరును అడ్డంగా, నిలువుగా ప్రతి 10 డిగ్రీలకూ, మొత్తం 70 కోణాల్లో కొలుస్తారు. ఆ గ్రాఫుల్లో ఎదుటి నుంచి కొలిచిన గీత చదునుగా ఉండాలి. పక్కల గీతలు ఎగుడుదిగుడులు లేకుండా మెల్లగా కిందికి వాలాలి. క్రాసోవర్ దగ్గర పక్కల గీతల్లో గుంట, దాని పైన ఉబ్బు కనిపిస్తే, ఆ స్పీకరు మీ గది గోడల నుంచి వేరే రంగు ధ్వనిని తిప్పి పంపుతుందని అర్థం. మీ గదిలో సుమారు 170 హెర్ట్జ్ పైన మీరు వినేదాన్ని ఎక్కువగా స్పీకరే నిర్ణయిస్తుంది, అంతకు కింద గది శాసిస్తుంది. బాస్ తప్పులను తర్వాత దిద్దుకోవచ్చు. ఈ వ్యాప్తిలోని లోపాన్ని ఏ ఈక్వలైజరూ దిద్దలేదు.

ఈక్వలైజర్ మాట వచ్చింది కాబట్టి: సీల్డ్ పెట్టె బాస్ తగ్గే తీరు చాలా సరళంగా ఉంటుంది కనుక దాన్ని ఎత్తడం సులువు. ఇంజినీరు సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ పేరుతో ఉన్న సవరణ పద్ధతి సరిగ్గా ఇందుకే. 44 హెర్ట్జ్ పెట్టెను 25 హెర్ట్జ్ పెట్టెలా ప్రవర్తించేలా చేయవచ్చు. కానీ ఒక ఆక్టేవ్ కిందికి దించాలంటే అట్టడుగున 12 డెసిబెల్స్ ఎత్తాలి, అంటే 16 రెట్లు శక్తి. కోన్ కూడా అక్కడ నాలుగు రెట్లు కదలాలి. ఆ స్తోమత పెద్ద వూఫరుకే ఉంటుంది. ఆరున్నర అంగుళాల వూఫరు మీద ఈ ప్రయోగం చేస్తే కాయిల్ (కోన్‌ను కదిపే తీగచుట్ట) కాలిపోవచ్చు.

ఇక మీరు ఏం చేయాలి? మొదటి దారి, సబ్‌వూఫర్ వద్దన్న మాట మీదే నిలబడడం. అప్పుడు కనీసం పదంగుళాలు, వీలైతే 12 అంగుళాల వూఫరున్న త్రీ-వే సీల్డ్ స్పీకర్లు చూడండి. 1974లో వచ్చిన యమహా ఎన్ఎస్-1000ఎం ఈ జాతికి చక్కటి నమూనా: 12 అంగుళాల వూఫరు, బెరీలియం గుమ్మటాలతో మిడ్‌రేంజ్, ట్వీటరు, ఒక్కోటి 31 కిలోల బరువు. నేటి స్పీకర్లలో మేజికో సంస్థవి సీల్డ్ పెట్టెలకు పేరుపొందినవి. యాక్టివ్ స్పీకర్లకు అభ్యంతరం లేకపోతే నాయ్‌మన్ కేహెచ్ 310 సీల్డ్ త్రీ-వే స్టూడియో మానిటరు 34 హెర్ట్జ్ నుంచి 22 కిలోహెర్ట్జ్ దాకా ±3 డెసిబెల్స్ లోపు ఇస్తుంది. అయితే దాని వూఫరు ఎనిమిదింబావు అంగుళాలే. ఆ లోతు మధ్యస్థమైన వాల్యూములో, దగ్గరగా కూర్చుని వినేవారికి. సీల్డ్ పెట్టెలో పేరుమోసిన చిన్న స్పీకర్లను మాత్రం మీ షరతులతో కొనకండి. బీబీసీ రూపొందించిన ఎల్ఎస్3/5ఏ గాత్రానికి అపురూపమైనది, కానీ దాని పెట్టె 5 లీటర్లే, బాస్ 70 హెర్ట్జ్ దగ్గరే తగ్గుముఖం పడుతుంది. ఏటీసీ ఎస్‌సీఎం19 కూడా 54 హెర్ట్జ్ దగ్గర −6 డెసిబెల్స్‌కు దిగుతుందని తయారీదారే నిజాయితీగా రాస్తారు.

రెండో దారి, నేను మీకు నిజంగా సూచించేది: మీ మొదటి షెల్ఫ్ స్పీకర్లే తీసుకుని, రెండు సీల్డ్ సబ్‌వూఫర్లు జోడించండి. సబ్‌వూఫర్ పెడితే బాస్ ‘బొయ్’మని మోగుతుందనే మీ భయం నాకు అర్థమైంది. ఆ మోత చాలావరకు గది అనునాదాలది. మీ గదిలో పొడవు వెంట 34, వెడల్పు వెంట 43, ఎత్తు వెంట 61 హెర్ట్జ్ దగ్గర అవి పుడతాయి. పెద్ద టవర్ స్పీకర్లు పెట్టినా అవే పుడతాయి. పైగా స్పీకర్లను స్టీరియో బాగా వినిపించే చోటే పెట్టాలి కాబట్టి బాస్ కోసం వాటిని జరపలేరు. సబ్‌వూఫర్లను మాత్రం జరపవచ్చు. ఎదురెదురు గోడల మధ్య బిందువుల దగ్గర ఒక్కోటి పెడితే ఆ గోడల మధ్య పుట్టే మొదటి అనునాదం చాలావరకు రద్దవుతుంది. రెండు 12 అంగుళాల సీల్డ్ సబ్‌వూఫర్లు కలిపి నెట్టే గాలితో 20 హెర్ట్జ్ మీ గదిలో నిజంగా వినిపిస్తుంది. ఆరున్నర అంగుళాల వూఫరు మీద నుంచి ఆ బరువు దిగిపోవడంతో గాత్రం కూడా తేటపడుతుంది.

ఈ కలయికలో సీల్డ్ స్పీకరుకు మరో వెసులుబాటు ఉంది. క్యూ 0.7 ఉన్న సీల్డ్ స్పీకరు 80 హెర్ట్జ్ దగ్గర సహజంగా ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ తగ్గితే, యాంప్లిఫయర్‌లోని హై-పాస్ (కింది ధ్వనిని ఆపే ఫిల్టరు) మరో 12 కలిపి మొత్తం 24 చేస్తుంది. సబ్‌వూఫర్ లో-పాస్ (పై ధ్వనిని ఆపే ఫిల్టరు) కూడా 24. రెండూ అతుకు తెలియకుండా కలుస్తాయి. టీహెచ్ఎక్స్ హోమ్ థియేటర్ ప్రమాణం ఈ ఏర్పాటునే వాడింది. మీ స్పీకరు హద్దు 80 కంటే కిందే ఉంది కాబట్టి హై-పాస్‌లోనే 24 వాలు ఎంచుకోండి. ఏం చేసినా ప్రధాన స్పీకర్లకు హై-పాస్ ఉండేలా చూసుకోండి. అవి పూర్తి బాస్ వాయిస్తూ ఉంటే సబ్‌వూఫర్ పెట్టిన ప్రయోజనం సగం పోతుంది.

అన్నీ అమర్చాక ఫేజ్, అంటే స్పీకర్లు, సబ్‌వూఫర్లు ఒకేసారి ముందుకూ వెనక్కూ కదులుతున్నాయా అన్నది, సరిచూసే పద్ధతి ఇది. మీరు కూర్చునే చోట కొలత మైకు పెట్టి, 80 హెర్ట్జ్ స్వరం ఒక్కటే వాయించండి. మైకు లేకపోతే ఫోనులో శబ్దం కొలిచే యాప్ చాలు. సబ్‌వూఫర్ పోలారిటీ (ప్లస్, మైనస్) తిప్పేసి, ఫేజ్ మీటను కొద్దికొద్దిగా జరుపుతూ ధ్వని అతి తక్కువయ్యే చోటు పట్టుకోండి. అది దొరికాక మీటను కదపకుండా పోలారిటీని మళ్లీ మామూలు స్థితికి తెండి. ఇప్పుడు స్పీకర్లు, సబ్‌వూఫర్లు ఒకే అడుగు వేస్తున్నట్టు. ఆ తర్వాతే సబ్‌వూఫర్ వాల్యూము పెట్టుకోండి, అదీ మీకు బాగా తెలిసిన గాత్రపు పాట వింటూ. పురుష గాయకుడి గొంతు ఛాతీ దగ్గర లావెక్కినట్లు అనిపిస్తే వాల్యూము రెండు డెసిబెల్స్ తగ్గించి మళ్లీ వినండి.